ఊరి పక్క చెలక, గుట్ట కింది చెలక: పెంట చేరిన భూమికీ చేరని భూమికీ ఏడేళ్లలో వచ్చిన తేడా

తెలంగాణలోని డిండి, వంగూరు మండలాల నడుమ ఒక ఊళ్లో ఒక రైతుకు మూడు చోట్ల భూమి ఉంది. మూడూ ఎర్ర చెలకలే. మూడింటి మీదా పడేది ఒకటే వాన, మంచి ఏడైతే 600 నుంచి 700 మిల్లీమీటర్లు. బోరు లేదు, కాలువ లేదు. పత్తి, కంది, జొన్న, మధ్యలో ఎప్పుడైనా ఆముదం. 2017 వేసవి నుంచి 2024 వేసవి దాకా ఈ మూడు ముక్కలను వరుసగా చూస్తూ వచ్చాను. ఇది ఆ పరిశీలన.

మొదటి ముక్క ఊరికి ఆనుకొని రెండెకరాలు. కొట్టంలో ఎత్తిన పెంట తట్టతో మోసినా అక్కడికి చేరుతుంది. అందుకే రైతు తాత కాలం నుంచి ఇంటి పెంటంతా దానికే పోయింది. పాత ఊరు ఉన్న పాటి పక్కనే కాబట్టి ఒకప్పుడు పాటిమన్ను కూడా ఎత్తి పోశారు. రెండోది బండ్లబాట మీద, ఊరికి కిలోమీటరు దూరంలో రెండెకరాలు. ఎడ్లబండి కట్టిన ఏడు నాలుగు బండ్లు పోయేవి, కట్టని ఏడు లేదు. మూడోది గుట్ట కింద మూడెకరాలు. అక్కడికి బాట సరిగా లేదు. పెంట పోసిన గుర్తు రైతుకే లేదు. విత్తేటప్పుడు డీఏపీ, పైపాటుగా యూరియా, అంతే.

ఆయన్ను నేను కాకా అంటాను, ఇక్కడా అలాగే రాస్తాను. 2017లో ఆయన అడిగింది సూటిగా ఉంది. “సారూ, మూడు ముక్కలకు ఒక్క తీరుగనే మందు వేస్తున్న. గుట్ట కింద మాత్రం యేటా దెబ్బ తింటున్న. ఇంకొక బస్తా పెంచాల్నా?”

కార్డులో ఉన్నదీ, చేనులో ఉన్నదీ

కాక దగ్గర భూసార కార్డు ఉంది. 2015లో మొదలైన పథకంలో వచ్చింది. అందులో కర్బనం తక్కువ, నత్రజని తక్కువ అని రాసి ఉంది. కానీ ఆ కార్డు ఏ ముక్కది అంటే చెప్పలేడు. చెప్పలేకపోవడంలో ఆయన తప్పేమీ లేదు. ఆ పథకంలో అప్పట్లో వర్షాధార భూముల్లో 10 హెక్టార్లకు, అంటే 25 ఎకరాలకు, ఒక నమూనా తీసేవారు. ఊరి పక్క చెలకకూ గుట్ట కింది చెలకకూ ఉన్న తేడా ఆ ఒక్క నమూనాలో పట్టదు. పెంట చరిత్ర వేరైన ముక్కలకు నమూనా వేరుగా తీయాల్సిందే. ఈ మాట మీద నేను రాజీ పడను. రెండు ముక్కల మట్టి కలిపి పంపితే వచ్చే ఫలితం రెండింటికీ పనికిరాదు.

మూడు ముక్కల్లో విడివిడిగా, వంకరటింకరగా నడుస్తూ పదీ పదిహేను చోట్ల జానెడు లోతు గుంట తీసి, అంచు నుంచి పలకలా మట్టి కోసి, కలిపి, నాలుగు భాగాలు చేసి రెండు పారేస్తూ చివరికి అరకిలో మిగిల్చి పంపాం. గుట్ట కింది ముక్కలో కర్బనం తక్కువ. ల్యాబ్ లెక్కలో 0.5 శాతం లోపు తక్కువ, 0.75 దాకా మధ్యమం. ఇది 0.5కు చాలా కింద ఉంది. నత్రజని తక్కువ, భాస్వరం మధ్యమం, పొటాష్ ఫరవాలేదు, జింకు 0.6 పీపీఎం (పది లక్షల్లో 0.6 పాలు) అనే కీలక స్థాయికి కింద. ఊరి పక్క ముక్కలో కర్బనం మధ్యమంలోకి వచ్చింది, జింకు సరిపడా ఉంది, భాస్వరం ‘ఎక్కువ’ అని వచ్చింది. నత్రజని అక్కడా తక్కువే. బండ్లబాట ముక్క ఈ రెండింటి మధ్య ఉంది.

భాస్వరం ఎక్కువ అనేసరికి కాక సంతోషించాడు. నాకు అది డబ్బు వృథా లెక్క. పెంటలో నత్రజనితో పోలిస్తే భాస్వరం పంట అడిగే దానికంటే ఎక్కువ పాళ్లలో ఉంటుంది. నత్రజని కొంత గాలిలో, కొంత వాననీళ్లలో పోతుంది. భాస్వరం ఎటూ పోదు, ఎర్రనేలలోని ఇనుమును పట్టుకొని అక్కడే ఉంటుంది. దశాబ్దాల పెంట మీద యేటా ఎకరాకు ఒక డీఏపీ బస్తా, అంటే మరో 23 కిలోల భాస్వరం వేస్తూ వచ్చాడు. ఆ ముక్కలో డీఏపీ ఆపి యూరియా మాత్రమే వేద్దామన్నాను. జింకు గుట్ట కింద వేద్దామన్నాను. బస్తా పెంచడం గురించి మాత్రం అప్పుడే మాట ఇవ్వలేదు. ఎందుకంటే ల్యాబ్ కాగితం చెప్పని సంగతి ఒకటి చేనులో కనిపించింది.

రెండు ముక్కల నుంచీ ఎండిన మట్టిపెళ్ల ఒక్కొక్కటి, ఉసిరికాయంత, తెచ్చి రెండు గాజు గ్లాసుల నీళ్లలో వేశాం. గుట్ట కింది పెళ్ల నీళ్లు తగలగానే అంచుల నుంచి రాలడం మొదలుపెట్టింది, చూస్తుండగానే ముద్దై అడుక్కు జారింది, నీళ్లు ఎర్రగా మసకబారాయి. ఊరి పక్క పెళ్ల బుడగలు వదిలింది కానీ విరగలేదు. మేం చాయ్ తాగి లేచేదాకా ఆకారం అలాగే ఉంది, పైన నీళ్లు తేటగా ఉన్నాయి. కాక రెండో గ్లాసు చేతిలోకి తీసుకొని వేలితో పెళ్లను నొక్కి చూశాడు.

చెలకలో అసలు ఇబ్బంది అక్కడుంది. ఇసుకపాలు ఎక్కువ, బంకమట్టి తక్కువ, వాటిని పట్టి ఉంచే జిగురు ఇంకా తక్కువ. పెద్ద చినుకుల వాన పడితే పైమట్టి రేణువులు విడిపోయి సందుల్లో కూరుకుంటాయి. మర్నాడు ఎండ కాస్తే పైపొర కాల్చిన పెంకులా గట్టిపడుతుంది. మొలక దాన్ని చీల్చలేదు. గుట్ట కింద ఆముదం, జొన్న విత్తినప్పుడల్లా ముళ్లకంప లాగి పొర పగలగొట్టడం కాకకు అలవాటే. తర్వాతి వాన లోపలికి దిగక వాలు వెంట పారుతుంది, పోతూపోతూ వేసిన డీఏపీని కూడా తీసుకుపోతుంది. అలాంటి చోట ఇంకో బస్తా పెంచితే ఫలితం వాగుకు.

పెంట లెక్క

రైతులకు పెంట మీద నమ్మకం ఉంది, లెక్క తక్కువ. లెక్క లేకపోతే ఆశ ఎక్కువై, తొలి ఏడే నిరాశ పడతారు.

బాగా చివికిన పశువుల ఎరువు టన్నులో సుమారు 5 కిలోల నత్రజని, 2 కిలోల భాస్వరం, 5 కిలోల పొటాష్ ఉంటాయి. సిఫారసు ప్రకారం ఎకరాకు 4 టన్నులు తోలితే 20 కిలోల నత్రజని. ఒక 45 కిలోల యూరియా బస్తాలో ఉన్నదీ దాదాపు అంతే. అయితే పెంటలోని నత్రజనిలో మొదటి పంటకు అందేది 30 శాతం దాకానే, అంటే 6 కిలోలు. భాస్వరం 60–70 శాతం, పొటాష్ 70 శాతం వరకు తొలి పంటకే అందుతాయి. మిగతా నత్రజని రెండో ఏడు, మూడో ఏడు మెల్లగా విడుదలవుతుంది. కాబట్టి ‘ఈ ఏడు పెంట తోలిన, యూరియా బంద్’ అనుకుంటే పైరు పసుపుబారుతుంది, రైతుకు పెంట మీదే నమ్మకం పోతుంది. తొలి ఏడు ఆ 6 కిలోల మేరకు, అంటే ఎకరాకు పావు బస్తా యూరియా తగ్గించడం వరకే నేను ఒప్పుకుంటాను.

ఇక్కడ ఒక మాట. ఎకరాకు 10 కిలోల పేడతో చేసిన ద్రావణం చల్లితే ఇంకేమీ అక్కర్లేదని ఊళ్లలో ప్రచారం జోరుగా ఉంది. పది కిలోల పచ్చి పేడలో ఉండే నత్రజని ముప్ఫై, నలభై గ్రాములు. సూక్ష్మజీవులకు అది మేలు చేస్తుందంటే వాదించను. పంట తీసుకుపోయిన పోషకాలను అది భర్తీ చేస్తుందంటే మాత్రం, వట్టి చెలక ఉన్న రైతుకు అది అన్యాయం చేసే సలహా.

కర్బనం లెక్క ఇంకా ఓపిక అడుగుతుంది. ఎకరంలో జానెడు లోతు మట్టి బరువు సుమారు 9 లక్షల కిలోలు. అందులో కర్బనం 0.1 శాతం పెరగాలంటే 900 కిలోల కర్బనం నేలలో నిలవాలి. 4 టన్నుల పెంటలో సగం నీళ్లు. మిగిలిన రెండు టన్నుల్లో కర్బనం పావువంతు అనుకుంటే 500 కిలోలు. మన ఎండలకు అందులో చాలా భాగం ఏడాది రెండేళ్లలో గాలిలో కలిసిపోతుంది. పదో వంతు, ఐదో వంతు నిలిచిందనుకున్నా 50 నుంచి 100 కిలోలు. అంటే యేటా తోలినా 0.1 శాతం పెరగడానికి దగ్గరదగ్గర పది, ఇరవై ఏళ్లు. ఊరి పక్క చెలకలో కర్బనం మధ్యమంలోకి రావడం మూడు తరాల మోత ఫలితం. రెండేళ్లు పెంట తోలి ల్యాబ్ కాగితంలో అంకె మారలేదని బాధపడే రైతుకు ఈ లెక్క ముందే చెప్పాలి. అంకె కదలకముందే మట్టిపెళ్ల తీరు మారుతుంది, వాన దిగే తీరు మారుతుంది. ముందు చూడాల్సింది వాటిని.

ఇంత పెంట ఎక్కడిది? అప్పటికి కాకకు రెండెడ్లు, రెండు బర్రెలు, ఒక దూడ. పెద్ద పశువు రోజుకు పది కిలోల దాకా పేడ వేసినా, మేతకు పోయిన చోట పడేది పోగా, చివికి కుదించుకుపోగా, పశువుకు ఏటా టన్నున్నర, రెండు టన్నులకు మించి చేతికి రాదు. అంతా కలిపితే ఏడెనిమిది టన్నులు. ఏడెకరాలకు కావాల్సింది 28 టన్నులు. చాలదు. పల్చగా అంతటా చల్లితే ఎక్కడా ఏమీ కాదు. అందుకే ఏటా రెండెకరాలకు నిండుగా వేసి, ఒక్కో చోటికి మూడు నాలుగేళ్లకోసారి వంతు వచ్చేలా మార్చాలని అనుకున్నాం. ఊరి పక్క ముక్కకు కొన్నాళ్లు సెలవు.

ఈ నిర్ణయానికి కాక కంటే ఆయన భార్య చిన్నమ్మ ఎక్కువ అడ్డం చెప్పింది. ఊరి పక్కనైతే ఆమె ఒక్కతే తట్టతో పోసి వస్తుంది. దూరం ముక్కకు ట్రాక్టర్ కావాలి, కిరాయి కావాలి, మనుషులు కావాలి. ఆమె మాటలో న్యాయం ఉంది. పెంట ఎప్పుడూ ఊరి చుట్టే ఆగిపోవడానికి కారణం కూడా అదే. పెంట మోసే శ్రమ ఆడవాళ్లది, అది ఏ లెక్కల పుస్తకంలోనూ ఎక్కదు.

కొట్టంలోనే పోతున్నది

చిన్నమ్మతో మాట్లాడుతుంటే ఇంకో సంగతి బయటపడింది. కొట్టంలో బండలు పరిచి ఉన్నాయి. శుభ్రం కోసం పొద్దున్నే నీళ్లు కొట్టి కడుగుతుంది. పశువుల మూత్రమంతా ఆ నీళ్లతో వీధి మోరీలోకి. పశువు వదిలే నత్రజనిలో సుమారు సగం, పొటాష్‌లో ఎక్కువ భాగం మూత్రంలోనే పోతాయి. భాస్వరం మాత్రం పేడలో ఉంటుంది. అంటే ఆ ఇంటి నుంచి ఏటా కొన్ని యూరియా బస్తాల సరుకు మోరీ పాలవుతోంది.

ఖర్చు లేని పని ఒకటి చేశాం. సాయంత్రం పశువులను కట్టేసే ముందు వెనక కాళ్ల కింద ఎండిన చెలక మట్టి, కందిపొట్టు, తినగా మిగిలిన చొప్ప ముక్కలు పరచడం, పొద్దున తడిసిన దాన్ని పేడతో పాటే ఎత్తడం. మొదట ‘ఇంకొక పనా’ అని విసుక్కుంది. తర్వాత బండల మీద పశువులు జారడం లేదని, ఈగలు తగ్గాయని ఆమే చెప్పింది.

కుప్ప సంగతీ అంతే. ఎండలో, వానలో ఏడాది పొడుగునా విప్పి ఉన్న కుప్పలో పైనుంచి అమ్మోనియా పోతుంది, కింది నుంచి నల్లటి ఊట పోతుంది. వేప నీడలో మీటరు లోతు గుంట తీయించాం. ఒక పక్క నుంచి నింపుకుంటూ, నేల మీదికి మోకాలెత్తు వచ్చాక పేడ కలిపిన మట్టితో మెత్తాం. నాలుగైదు నెలలకు పనికొచ్చింది. పండిందో లేదో తెలియడానికి గడ్డపార కుప్ప నడుమ దాకా దింపి కాసేపు ఉంచి తీసి పట్టుకోవాలి. వెచ్చగా ఉంటే ఆగాలి. చల్లగా ఉండి, పెంట పొడిపొడిగా, తొలకరి మట్టి వాసన వేస్తే తోలవచ్చు. పచ్చి పెంట తోలితే అది చివకడానికి నేలలో ఉన్న నత్రజనినే సూక్ష్మజీవులు లాక్కుంటాయి, చెదలు, వేరుపురుగు వస్తాయి. ఇప్పుడు కొత్తగా ఇంకో బెడద ఉంది: ప్లాస్టిక్. కుప్పలో క్యారీబ్యాగులు, షాంపూ పొట్లాలు. చివికిన పెంటలోంచి వాటిని ఏరడం చేతులు నొప్పిపుట్టే పని. కొట్టం పక్కన చెత్త కోసం వేరే బస్తా ఒకటి కట్టడంతో చాలావరకు తగ్గింది.

తోలాక చేనులో చిన్న చిన్న కుప్పలుగా పోసి తొలి వాన దాకా వదిలేయడం ఈ ప్రాంతంలో మామూలు. నెల రోజులు ఎండ తిన్న కుప్ప కింద గుండ్రంగా పచ్చటి మచ్చ వస్తుంది, మిగతా చేను అలాగే ఉంటుంది. రోహిణి కార్తె దాకా గుంటలోనే ఉంచి, ఒక వాన పడి దుక్కికి పదును వచ్చిన రోజున తోలి, చల్లి, అదే రోజు దున్నడం మేలు. ట్రాక్టర్ ఆ రోజే దొరకాలి, అది కష్టం. కాక అన్నేళ్లలో అన్నిసార్లూ చేయలేకపోయాడు.

మంద

గుట్ట కింది ముక్కకు ట్రాక్టర్ పోయే బాట లేదని చెప్పాను. గొర్లకు బాట అక్కర్లేదు. తమ ఎరువు తామే మోసుకుపోతాయి.

పాలమూరు, నల్లగొండ గొల్లకురుమల నేల. 2019 పశుగణనలో దేశంలో గొర్రెలు అన్నిటికంటే ఎక్కువ ఉన్న రాష్ట్రం తెలంగాణ, కోటీ 90 లక్షలకు పైన. ఇక్కడ చేనులో మంద పెట్టించడం, అంటే రాత్రిళ్లు గొర్లను చేనులోనే వల కట్టి పడుకోబెట్టడం, కొత్త విద్య కాదు. ఒకప్పుడు రాత్రికి ఇన్ని జొన్నలని కొలిచేవారు, ఇప్పుడు రూపాయలు, పైన భోజనం, చాయ్.

గొర్రె ఎరువు ఎండుబరువులో 3 శాతం దాకా నత్రజని, 1 శాతం భాస్వరం, 2 శాతం పొటాష్ ఉంటాయి. అంతకంటే ముఖ్యం, మూత్రం నేరుగా నేలలోకే ఇంకుతుంది. కొట్టంలో మోరీ పాలయ్యేది ఇక్కడ చేనుకే చేరుతుంది. అయితే పొద్దున మంద లేవగానే గుంటక తోలి పైపైన కలపాలి. మధ్యాహ్నం దాకా ఆగితే అమ్మోనియా వాసన ముక్కుకు తెలుస్తుంది, ఆ వాసనంతా పోయే నత్రజనే.

వల ఎక్కడ కట్టాలి, ఎన్ని రాత్రులు అన్నది గొల్లాయనకు మాకంటే తెలుసు. కాక తొలి ఏడు ఆశపడి ఒకే చోట మూడు రాత్రులు పెట్టమన్నాడు. “అట్ల వద్దు పటేలా. జొన్న ఎత్తు వోయి పడిపోతది. గాలికి నిలవది. నీకు పైసలు దండుగ, నాకు మాట” అన్నాడాయన. రాత్రి రాత్రికీ వల జరుపుతూ పోయాడు. మూడెకరాల్లో ఏటా ఒక ఎకరం చొప్పున, మూడేళ్లకు ఒక చుట్టు.

గుట్ట వైపు పది గుంటలు (పావెకరం) మంద పెట్టకుండా వదలమని కాకను అడిగాను. మూడు ముక్కలనూ పక్కపక్కన పెట్టి పోల్చడం న్యాయం కాదు. గుట్ట కింద మొరం ఎక్కువ, వాలు ఎక్కువ, ఊరి పక్క మట్టి మొదటి నుంచే కాస్త మెత్తన. ఒకే ముక్కలో పెట్టిన చోటూ పెట్టని చోటూ ఉంటేనే పెంట పని ఎంతో తెలుస్తుంది. “పదిగుంటలు ఎందుకు ఎండబెట్టాలె సారూ?” అన్నాడు. మందులు మాత్రం మామూలుగానే వేద్దామంటే ఒప్పుకున్నాడు.

ఏళ్లు చెప్పింది

తొలి పంటలో రంగు తేడా వచ్చింది. మంద పెట్టిన ఎకరంలో జొన్న ముదురు పచ్చగా, పది గుంటల్లో లేతగా. గింజలో తేడా కాక ఆశించినంత లేదు. కలుపు మాత్రం ఎక్కువే వచ్చింది. గొర్లు సర్కారు తుమ్మ కాయలు తిని వస్తాయి, గింజలు అరగవు, పెంటికలతో పాటే చేనులో పడతాయి. తొలి వానకు తుమ్మ మొలకలు వరుసగా లేచాయి. వేలెడు ఎత్తులో పీకేస్తే సరి, ఒక వానకాలం వదిలేస్తే గడ్డపార పట్టాలి. చిన్నమ్మ వాటిని వదిలిపెట్టలేదు.

2019లో ఎడ్లజతను అమ్మేశారు. కాక మోకాళ్లు సహకరించలేదు, ఊళ్లో ట్రాక్టర్లు దొరుకుతున్నాయి. నేను ఏమీ అనలేకపోయాను. ఎడ్లు పోవడంతో ఇంటి పెంట సగానికి పడిపోయింది. ఉన్నదంతా మళ్లీ ఊరి పక్కకే చేరింది, బండ్లబాట ముక్కకు ఏమీ పోలేదు.

2020లో వానలు దంచికొట్టాయి. ఇసుక చెలకలో యూరియా వేసిన నాలుగు రోజులకే పెద్ద వాన పడితే అది వేరుకు అందని లోతుకు పోతుంది. పది గుంటల్లో పత్తి రెండుసార్లు యూరియా తిన్నా పసుపుబారింది. మంద పెట్టిన చోట ఆకు రంగు నిలిచింది. అక్కడ నత్రజని ఒక్కసారిగా కాకుండా, చివికిన కొద్దీ కొంచెం కొంచెంగా వస్తోంది. ఒక వాన దాన్నంతా కడిగేయలేదు. వాలు మీద పారిన నీళ్ల గీతలు కూడా వదిలిన పది గుంటల్లోనే లోతుగా పడ్డాయి.

అసలు పరీక్ష 2023. ఆ ఆగస్టులో వాన ముఖం చాటేసింది. దేశం మొత్తానికి 1901 తర్వాత అంత ఎండిన ఆగస్టు లేదు. పత్తి గూడ (పూమొగ్గ), పూత మీద ఉంది. నేను పోయేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. పది గుంటల్లో ఆకులు వేలాడి, సాళ్లలో రాలిన గూడ కాళ్ల కింద నలుగుతోంది. పక్కన మంద తిరిగిన ఎకరంలో కూడా ఆకులు వాలాయి, సాయంత్రానికి మళ్లీ లేచాయి, గూడ రాలింది కానీ తక్కువ. రెండు చోట్లా ఒక్కో మొక్క పీకి చూశాం. పది గుంటల మొక్క తల్లివేరు జానెడు లోపలే వంకర తిరిగి పక్కకు పోయింది. మంద ఎకరంలో వేరు సూటిగా దిగింది, పీకడానికి ఇద్దరం పట్టాల్సి వచ్చింది. ‘పెంట నీళ్లు పట్టి ఉంచుతుంది’ అంటారు. ఇంత కొద్ది కర్బనం పెరిగితే అదనంగా పట్టే నీళ్లు కొంచెమే. జులైలో పడ్డ వాన పారిపోకుండా లోపలికి దిగడం, వేరు ఆ లోతుకు చేరడం, ఈ రెండూ కలిసే పత్తిని నిలబెట్టాయని నా అంచనా. వాన సమంగా పడిన ఏడు రెండు చోట్ల దిగుబడికీ పెద్ద తేడా చూపని పెంట, ఆ ఏడు చూపించింది.

బెంగళూరు దగ్గర ఎర్రనేలల్లో 1978 నుంచి రాగి మీద నడుస్తున్న ప్రయోగం కూడా ఈ దారిలోనే ఉంది. వట్టి రసాయన ఎరువు వేసిన మడుల్లో దిగుబడి ఏళ్లు గడిచే కొద్దీ జారింది. దానితో పాటు హెక్టారుకు 10 టన్నుల పశువుల ఎరువు కలిపిన మడులు నిలకడగా ఇచ్చాయి. పది టన్నులంటే ఎకరాకు మన నాలుగు టన్నులే.

పెంట ఆగితే ఏమవుతుందో బండ్లబాట ముక్క చెప్పింది. 2019 తర్వాత అక్కడికి ఏమీ చేరలేదు. మొదటి రెండేళ్లు తేడా తెలియలేదు. 2022 నాటికి గ్లాసు నీళ్లలో దాని పెళ్ల గుట్ట కింది పది గుంటల పెళ్లలాగే కరగడం మొదలైంది. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో 1852 నుంచి 1871 దాకా పశువుల ఎరువు వేసి ఆపేసిన బార్లీ మడిలో, వందేళ్లు దాటినా ఆ ఎరువు జాడ మట్టిలో కనిపించిందంటారు. అది చలిదేశం, వాళ్లు వేసింది ఏటా హెక్టారుకు 35 టన్నులు. మన ఎండల్లో చివికే వేగం వేరు. చెలకలో ఒక నిండు మోతాదు పని రెండు మూడు పంటలకు మించదని నేను చూసినంతలో అనిపిస్తోంది. అందుకే మూడేళ్ల చుట్టు.

2024 వేసవిలో మళ్లీ నమూనాలు పంపాం. మంద తిరిగిన చోట కర్బనం కాస్త పైకి కదిలింది, ఇంకా ‘తక్కువ’లోనే ఉంది. జింకు కీలక స్థాయి దాటింది. మధ్యలో జింక్ సల్ఫేట్ కూడా వేశాం కాబట్టి ఆ పేరంతా గొర్లకు ఇవ్వలేను. నత్రజని అన్ని చోట్లా తక్కువే. ఊరి పక్క ముక్కలో డీఏపీ ఆపి ఇన్నేళ్లయినా భాస్వరం ‘ఎక్కువ’ నుంచి దిగలేదు, పంట తగ్గలేదు. కాకకు నగదు రూపంలో మిగిలింది అన్నిటికంటే ఎక్కువ అక్కడే.

ఇబ్బందులు

మంద దొరకడం ఏటికేడు కష్టమవుతోంది. బీళ్లు తగ్గాయి, ప్లాట్లయ్యాయి. మందలు మేత కోసం దూరం పోయి, కాకకు కావాల్సిన వేసవి రోజుల్లో ఊళ్లో ఉండవు. నల్లగొండ బత్తాయి తోటల వాళ్లు గొర్రె ఎరువును లారీలకు ఎత్తించుకుపోతారు. వాళ్లిచ్చే ధర మెట్ట రైతు ఇవ్వలేడు. మెట్ట బీళ్లలో మేసిన గడ్డి ఎరువై తోటలకు పోతోంది. గ్రామంలో పది మంది మెట్ట రైతులు ముందే కలిసి ఒక మందను వేసవంతా మాట్లాడుకుంటే తప్ప ఇది నిలవదు.

పక్క రైతు ఒకరు షాద్‌నగర్ వైపు నుంచి కోళ్ల ఎరువు తెప్పించి పచ్చిగానే వేశారు. అందులో నత్రజని, భాస్వరం రెండూ ఎక్కువే. వాన ఆలస్యమై, మొలకలు అంచులు మాడి చచ్చాయి. కోళ్ల ఎరువు వద్దనను. రెండు మూడు నెలలు మాగబెట్టి, పశువుల పెంటలో కలిపి, వాన నమ్మకమున్న ముక్కకే వేయాలి.

వచ్చే వేసవికి మందను బండ్లబాట ముక్కకు మాట్లాడారు. ఊరి పక్క ముక్కకు ఇంకో రెండేళ్లు యూరియా మాత్రమే, ఆ తర్వాత మళ్లీ పరీక్ష. బండ్లబాట ముక్కలో మంద పెట్టకుండా వదలాల్సిన పది గుంటలు ఎక్కడో ఈసారి కాకే నడిచి హద్దు చూపించాడు, నాలుగు మూలలా రాళ్లు పాతించాడు.